డిఫాల్ట్ ట్రూ అనే కదా రాశాం, ఫాల్స్ ఎలా పడింది?

రొయ్యల గుంటల వివరాలు నమోదు చేసే యాప్ ఒకటి ఉందనుకుందాం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల రైతులు వాడతారు. వెనక జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), దాని మీద ఏపీఐలు రాసుకునే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్. గుంట మోడల్‌లో, అంటే డేటాబేస్ టేబుల్‌ని వర్ణించే క్లాసులో, ఒక బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) ఫీల్డ్ ఉంది: అలర్ట్_ఆన్, డిఫాల్ట్=ట్రూ. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్ మోగాలా వద్దా అన్నది ఈ ఫీల్డ్ చెబుతుంది. రైతు ఏమీ అనకపోతే మోగాల్సిందే, అందుకే ట్రూ. కొన్నాళ్లకి గుంట ఫోటో కూడా పంపే సదుపాయం పెట్టారు. అక్కణ్ణుంచి కొత్తగా చేరిన గుంటలన్నిటికీ అలర్ట్_ఆన్ ఫాల్స్‌గా పడుతోంది. మోడల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. వచ్చిన డేటాని సరిచూసి మోడల్‌కి అందించే సీరియలైజర్‌లో ఒక్క ఫోటో ఫీల్డ్ తప్ప చేర్చిందేమీ లేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో హెచ్చరికా లేదు.

ఏందబ్బా ఇది అని తల పట్టుకునే ముందు ఒక మాట: ఇది బగ్ కాదు. రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్‌లో బూలియన్‌ఫీల్డ్ దగ్గరే రాసి ఉంది. చదివేవాళ్లే తక్కువ.

కోడ్ ముక్కల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఎడిటర్‌లో మాత్రం మామూలుగానే టైప్ చేసుకోండి.

బూలియన్‌కి విలువలు రెండే. కానీ బూలియన్ పారామీటర్‌కి బయటినుంచి వచ్చే జవాబులు మూడు: అవునన్నారు, కాదన్నారు, ఏమీ అనలేదు. డిఫాల్ట్ ఉన్నది ఆ మూడో జవాబు కోసమే. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఫ్రేమ్‌వర్క్‌లో ఒక పొర అలాగే అనుకుంటుంది, ఇంకో పొర మౌనమంటే వద్దనడమే అనుకుంటుంది, మరో పొరకి ఆ తేడాతో పనే లేదు. మోడల్, సీరియలైజర్, ఫారమ్, డేటాబేస్, ఫంక్షన్, కమాండ్‌లైన్, వీటన్నిట్లోనూ డిఫాల్ట్ అనే మాట ఉంది. ఏ పొరలో పెట్టామో చెప్పకుండా "డిఫాల్ట్ ట్రూ పెట్టాం" అంటే ఏమీ చెప్పనట్టే.

సరే, పై కేసులో జరిగింది చూద్దాం. యాప్ డేటాని జేసన్ (కీ-విలువ జతల టెక్స్ట్) రూపంలో పంపినంతకాలం రిక్వెస్ట్ బాడీలో అలర్ట్_ఆన్ అనే కీ ఉండేది కాదు. మోడల్ ఫీల్డ్‌కి డిఫాల్ట్ ఉంది కాబట్టి మోడల్‌సీరియలైజర్ దాన్ని రిక్వైర్డ్=ఫాల్స్‌గా తయారు చేస్తుంది. కీ లేకపోతే ఆ ఫీల్డ్‌ని దాటేస్తుంది, వాలిడేటెడ్_డేటాలో అది కనపడదు. చివర్లో మోడల్ ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు మోడల్ డిఫాల్ట్ వచ్చి కూర్చుంటుంది. ట్రూ.

ఫోటో చేరగానే యాప్ రాసేవాళ్లు జేసన్ వదిలి, బ్రౌజర్ ఫారమ్‌లు ఫైళ్లతో సహా పంపే మల్టీపార్ట్ ఫారమ్ డేటాకి మారారు, ఫైల్ పంపడానికి అదే తేలిక కాబట్టి. ఇప్పుడు రిక్వెస్ట్.డేటా మామూలు డిక్షనరీ కాదు, ఫారమ్ డేటా కోసం జాంగో వాడే క్వెరీడిక్ట్. ఫీల్డ్ క్లాసులోని గెట్_వాల్యూ మెథడ్ మొదట చూసేది ఇదే: వచ్చిన డేటా హెచ్‌టీఎంఎల్ ఫారమ్ తరహాదా కాదా? ఆ ఆబ్జెక్ట్‌కి గెట్‌లిస్ట్ అనే మెథడ్ ఉందా అని చూసి తేల్చుకుంటుంది. ఫారమే అని తేలి, అందులో మన కీ లేకపోతే, ఫీల్డ్‌లో ఉన్న డిఫాల్ట్_ఎంప్టీ_హెచ్‌టీఎంఎల్ అనే విలువని తెచ్చి ఇస్తుంది. బూలియన్‌ఫీల్డ్‌లో ఆ విలువ ఫాల్స్ అని క్లాసులోనే రాసిపెట్టారు. అంటే సీరియలైజర్ లెక్కలో రైతు మౌనంగా లేడు, వద్దన్నాడు. వద్దన్నాక డిఫాల్ట్‌తో పనేముంది?

కొన్ని ఫీల్డులనే మార్చే ప్యాచ్ రిక్వెస్ట్‌లో మాత్రం ఇలా జరగదు. పార్షియల్ అప్‌డేట్ అయితే లేని కీని లేనట్టుగానే వదిలేస్తుంది. అందుకే టెస్టర్ "ఎడిట్‌లో బాగానే ఉంది, కొత్తది చేర్చినప్పుడే తేడా" అంటాడు. రికార్డు మొత్తం తిరిగి పంపే పుట్‌తో ఎడిట్ చేసే యాప్ అయితే ఇంకా ఘోరం. రైతు కొత్త ఫోటో పెట్టగానే అప్పటిదాకా ట్రూగా ఉన్న అలర్ట్ కూడా ఫాల్స్ అయిపోతుంది.

ఫ్రేమ్‌వర్క్ వాళ్లు ఎందుకిలా రాశారంటే, బ్రౌజర్ చెక్‌బాక్స్ వల్ల. టిక్ పెట్టిన చెక్‌బాక్స్ పేరూ విలువా సర్వర్‌కి వెళతాయి. వాల్యూ అట్రిబ్యూట్ ఇవ్వకపోతే "ఆన్" అనే స్ట్రింగ్ వెళుతుంది. టిక్ లేని చెక్‌బాక్స్ అసలు వెళ్లనే వెళ్లదు. కాబట్టి ఫారమ్ డేటాలో కీ లేకపోతే "టిక్ తీసేశారు" అనా, "ఆ ఫారమ్‌లో ఆ చెక్‌బాక్సే లేదు" అనా, సర్వర్‌కి తెలిసే దారి లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఫాల్స్ ఎంచుకున్నారు. నా దృష్టిలో అది సరైన ఎంపికే. ట్రూ ఎంచుకుంటే బ్రౌజర్‌లో టిక్ తీసేసిన మనిషి మాట ఎప్పటికీ చెల్లదు.

దీనికి మందు ఏమిటంటే, అన్నిటికంటే మంచిది యాప్ ఎప్పుడూ విలువ పంపడమే. ఫారమ్ డేటాలో బూలియన్ ఉండదు, అన్నీ స్ట్రింగులే. కానీ "ట్రూ", "ఫాల్స్" అనే స్ట్రింగుల్ని రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ సరిగ్గానే చదువుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఫారమ్‌డేటా.అపెండ్‌కి అన్‌డిఫైన్డ్ ఇస్తే బ్రౌజర్ దాన్ని "అన్‌డిఫైన్డ్" అనే స్ట్రింగ్‌గా మార్చి పంపుతుంది. సర్వర్ దాన్ని చెల్లని బూలియన్ అని 400 ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. అది మనకి లాభమే, తప్పు మొదటి రోజే బయటపడుతుంది.

యాప్ పాత వెర్షన్లు ఇప్పటికే రైతుల ఫోన్లలో ఉన్నాయి, వాటిని మార్చలేం అంటారా? బూలియన్‌ఫీల్డ్‌ని సబ్‌క్లాస్ చేసి డిఫాల్ట్_ఎంప్టీ_హెచ్‌టీఎంఎల్ = ఎంప్టీ అని ఒక్క లైను పెట్టి, సీరియలైజర్‌లో అలర్ట్_ఆన్‌ని ఆ ఫీల్డ్‌తో, రిక్వైర్డ్=ఫాల్స్ ఇచ్చి రాయండి. ఎంప్టీ అంటే ఖాళీ స్ట్రింగ్ కాదు, నన్ కాదు, రెస్ట్_ఫ్రేమ్‌వర్క్.ఫీల్డ్స్ నుంచి ఇంపోర్ట్ చేసుకునే క్లాస్. అప్పుడు ఫారమ్‌లో కీ లేకపోయినా జేసన్‌లో లేనట్టే నడుస్తుంది, మోడల్ డిఫాల్ట్ పడుతుంది. కానీ అదే ఎండ్‌పాయింట్‌ని బ్రౌజర్ ఫారమ్ కూడా వాడుతుంటే జాగ్రత్త, అక్కడ టిక్ తీయడం ఇక పనిచేయదు. దానికి పాత కిటుకు ఉంది: చెక్‌బాక్స్‌కి ముందు అదే పేరుతో ఒక హిడెన్ ఇన్‌పుట్ పెట్టి విలువ "ఫాల్స్" ఇవ్వడం. టిక్ ఉంటే రెండూ వెళతాయి, క్వెరీడిక్ట్ చివరిదాన్నే తీసుకుంటుంది. టిక్ లేకపోతే హిడెన్ ఒక్కటే వెళుతుంది. వరుస తారుమారైతే టిక్ పెట్టినా ఫాల్సే. రూబీ వాళ్ల ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో ఫారమ్ హెల్పర్ ఈ హిడెన్ ఇన్‌పుట్‌ని తనంతట తనే రాసిపెడుతుంది, జాంగో పెట్టదు.

టెస్టుల్లో ఇది ఎందుకు దొరకలేదో కూడా చెప్పుకోవాలి. రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ ఏపీఐక్లయింట్‌లో పోస్ట్‌కి ఫార్మాట్ చెప్పకపోతే అది మల్టీపార్ట్‌గానే పంపుతుంది. టెస్ట్_రిక్వెస్ట్_డిఫాల్ట్_ఫార్మాట్ అనే సెట్టింగ్ మొదటి విలువ అదే. చాలా టీముల్లో ఎవరో ఒకరు మొదట్లోనే "టెస్టులో డిఫాల్ట్ రావట్లేదే" అని దాన్ని జేసన్‌కి మార్చి ఊరుకుంటారు. అప్పుడు టెస్టులన్నీ జేసన్ దారిలోనే నడుస్తాయి, ఫోటో వచ్చే దారిని ఎవరూ చూడరు. ప్రతి బూలియన్‌కీ జేసన్‌లో ట్రూ, ఫాల్స్, లేకుండా. మల్టీపార్ట్‌లో ట్రూ, ఫాల్స్, లేకుండా. మొత్తం ఆరు రిక్వెస్టుల పారామెట్రైజ్డ్ టెస్ట్ ఒకటి రాసిపెట్టుకుంటే చాలు. పుట్ కూడా ఉంటే ఆ ఆరే మళ్లీ.

ఇక ఇప్పటికే పాడైన వరుసల సంగతి. టేబుల్‌లో ఫాల్స్ అని ఉన్న గుంటల్లో నిజంగా వద్దన్నవి ఏవో, మౌనాన్ని ఫాల్స్ చేసినవి ఏవో ఏ క్వెరీ విడదీయలేదు. ఆ సమాచారం రాసేటప్పుడే పోయింది. చేయగలిగింది ఒక్కటే: ఫోటో ఉన్నవి, ఆ వెర్షన్ విడుదలైన తర్వాత చేరినవి, తర్వాత రైతు సెట్టింగ్స్ పేజీ ముట్టుకోనివి వడకట్టి, వాటినే ట్రూ చేయడం. అప్‌డేటెడ్_ఎట్ లాంటి కాలమ్ ఉంటే ఇది అరగంట పని. లేకపోతే వెబ్ సర్వర్ లాగులు తవ్వుకోవాలి, అందులోనూ రిక్వెస్ట్ బాడీ ఉండదు. గంపగుత్తగా అన్నిటినీ ట్రూ చేసే అప్‌డేట్ మాత్రం కొట్టకండి. వద్దన్న రైతుకి తెల్లారుజామున నాలుగింటికి ఫోన్ మోగితే యాప్ తీసేస్తాడు.

మామూలు జాంగో ఫారమ్‌లది ఇంకో దారి. ఫారమ్స్.బూలియన్‌ఫీల్డ్‌లో రిక్వైర్డ్ మామూలుగా ట్రూ. అక్కడ రిక్వైర్డ్ అంటే "జవాబు ఇవ్వాలి" అని కాదు, "టిక్ పెట్టి తీరాలి" అని. నిబంధనలకు ఒప్పుకుంటున్నాను అనే పెట్టెకి అది సరిపోతుంది. అలర్ట్ పెట్టెకి మాత్రం రిక్వైర్డ్=ఫాల్స్ మీరే రాయాలి. మోడల్‌ఫారమ్ వాడితే ఆ పని అదే చేసుకుంటుంది. కానీ మోడల్‌ఫారమ్‌లో కూడా డేటాలో చెక్‌బాక్స్ లేకపోతే మోడల్ డిఫాల్ట్ పడదు, ఫాల్సే పడుతుంది. మిగతా రకాల ఫీల్డులకు కీ లేకపోతే మోడల్ డిఫాల్ట్‌ని ఉంచేస్తుంది, చెక్‌బాక్స్‌ని మాత్రం మినహాయించారు. కారణం పైన చెప్పుకున్నదే.

స్ట్రింగుల పట్టిక కూడా రెండుచోట్లా ఒకటి కాదు. "ఆఫ్" అనే స్ట్రింగ్‌ని రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ ఫాల్స్ అంటుంది, జాంగో ఫారమ్ ట్రూ అంటుంది. ఎందుకంటే ఫారమ్ కొన్ని స్ట్రింగుల్ని మాత్రమే ఫాల్స్‌గా గుర్తుపడుతుంది, మిగతావన్నీ ఖాళీ కాని స్ట్రింగులు కాబట్టి ట్రూ.

ఈ ఖాళీ కాని స్ట్రింగ్ గొడవ పైథాన్‌ది. ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఇది వెంటాడుతుంది. సెట్టింగ్స్ ఫైల్‌లో డీబగ్ = ఓఎస్.ఎన్విరాన్.గెట్("డీబగ్", ఫాల్స్) అని రాసి, సర్వర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఫాల్స్ అని పెడితే డీబగ్ మోడ్ ఆన్ అవుతుంది. వచ్చింది "ఫాల్స్" అనే ఐదక్షరాల స్ట్రింగ్, అది ఖాళీ కాదు, కాబట్టి ఇఫ్ దృష్టిలో ట్రూ. సున్నా పెట్టినా అంతే. తమాషా ఏమిటంటే వేరియబుల్ అసలు పెట్టకపోతే సరిగ్గా పనిచేస్తుంది, జాగ్రత్తపడి పెట్టినవాడికే దెబ్బ. విలువని చిన్న అక్షరాల్లోకి మార్చి "1", "ట్రూ", "ఎస్", "ఆన్" అనే నాలుగింటితో పోల్చే చిన్న ఫంక్షన్ మీరే రాసుకోండి, ఆ నాలుగూ కాక, వాటికి ఎదురైన "0", "ఫాల్స్", "నో", "ఆఫ్" కూడా కాకపోతే ఎర్రర్ లేపండి. డిస్ట్‌యుటిల్స్‌లో స్ట్ర్‌టుబూల్ అనే ఫంక్షన్ ఉండేది. పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్‌నే తీసేశారు, పాత ప్రాజెక్టులు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఇది విరుగుతుంది.

జాంగోలో కమాండ్‌లైన్ నుంచి నడిపే మేనేజ్‌మెంట్ కమాండ్లదీ ఇదే జబ్బు. ఒక మండలంలోని గుంటలన్నిటికీ మెసేజ్ పంపే కమాండ్ రాసి, యాడ్_ఆర్గ్యుమెంట్‌లో టైప్=బూల్, డిఫాల్ట్=ట్రూ అంటే, కమాండ్‌లైన్‌లో ఫాల్స్ అని ఇచ్చినా ట్రూగానే అందుతుంది. అక్కడ ఫాల్స్ రావాలంటే ఖాళీ కోట్స్ ఇవ్వాలి, అలా ఎవరిస్తారు? డిఫాల్ట్ ఫాల్స్ కావాలంటే యాక్షన్=స్టోర్_ట్రూ. డిఫాల్ట్ ట్రూ అయి, ఆపే దారి కూడా ఉండాలంటే పైథాన్ 3.9 నుంచి వచ్చిన బూలియన్‌ఆప్షనల్‌యాక్షన్ వాడండి. --అలర్ట్ అని ఒక్కటి రాస్తే --నో-అలర్ట్ అదే పుట్టిస్తుంది.

జావా వైపు ఉన్నవాళ్లకి ఒక్క మాట. స్ప్రింగ్‌లో రిక్వెస్ట్‌పారమ్‌కి రిక్వైర్డ్=ఫాల్స్ ఇచ్చి టైప్ చిన్న బి బూలియన్ పెడితే, పారామీటర్ రాకపోయినప్పుడు చప్పుడు లేకుండా ఫాల్స్ వస్తుంది. అదే చోట ఇంట్ ఉంటే నల్‌ని (విలువ లేదు అనే గుర్తుని) అందులో పెట్టలేనని ఎక్సెప్షన్ విసురుతుంది. పెద్ద బి బూలియన్ పెడితే నల్ వస్తుంది, అప్పుడు మూడో జవాబు మీ చేతికి అందినట్టు. డిఫాల్ట్‌వాల్యూ ఇస్తే అది పారామీటర్ లేనప్పుడే కాదు, ఖాళీగా వచ్చినప్పుడు కూడా పడుతుంది.

డేటాబేస్ పొర దగ్గర చాలామంది తడబడతారు. మోడల్‌లో డిఫాల్ట్=ట్రూ అని రాస్తే డేటాబేస్ కాలమ్‌కి డిఫాల్ట్ ఉన్నట్టు కాదు. మోడల్ మార్పుని డేటాబేస్‌లోకి ఎక్కించే మైగ్రేషన్ నడిచేటప్పుడు జాంగో కాలమ్‌ని డిఫాల్ట్‌తో చేర్చి, పాత వరుసలన్నిట్లో ఆ విలువ నింపి, వెంటనే ఆ డిఫాల్ట్‌ని కాలమ్ మీదనుంచి తీసేస్తుంది. ఆ తర్వాత డిఫాల్ట్ వేసేది పైథాన్ మాత్రమే. దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, వేరే స్క్రిప్ట్ ఏదైనా నేరుగా ఎస్‌క్యూఎల్ ఇన్‌సర్ట్ చేస్తుంటే నాట్ నల్ ఎర్రర్‌తో పడిపోతుంది. రెండోది, మైగ్రేషన్ ముందు నడిపి కొత్త కోడ్‌ని తర్వాత ఎక్కించే ఆ కొద్ది నిమిషాల్లో పాత కోడ్‌కి ఆ కాలమ్ ఉందనే తెలియదు, అది చేసే ప్రతి ఇన్‌సర్టూ అదే ఎర్రర్. జాంగో 5.0లో వచ్చిన డీబీ_డిఫాల్ట్ ఈ రెండిటికీ జవాబు. డిఫాల్ట్, డీబీ_డిఫాల్ట్ రెండూ ఇవ్వొచ్చు. పైథాన్‌లో తయారయ్యే ఆబ్జెక్టులకు మొదటిది, బయటి ఇన్‌సర్టులకు రెండోది. రెండిట్లో వేర్వేరు విలువలు పెట్టకుండా చూసుకోండి, అంతే. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి స్థిరమైన డిఫాల్ట్‌తో కాలమ్ చేర్చినా టేబుల్ మొత్తం తిరగరాయదు, కాబట్టి పెద్ద టేబుల్ అని భయపడక్కర్లేదు.

పాత వరుసల్లో విలువ నింపడం అన్నాను చూశారా, అది సాంకేతిక విషయం ఒక్కటే కాదు. "నా వివరాలు మేత కంపెనీలతో పంచుకోవచ్చు" అనే ఫీల్డ్‌ని డిఫాల్ట్=ట్రూతో చేర్చి మైగ్రేట్ కొడితే, ఆ ప్రశ్నే ఎప్పుడూ చూడని రైతులందరూ ఒప్పుకున్నట్టు నమోదైపోతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ముందే టిక్ పెట్టిన పెట్టె అది కాదు, మైగ్రేషన్ అసలే కాదు. ఇలాంటి వాటికి ఫాల్స్ కూడా అరకొరే. అడిగితే వద్దన్నవాళ్లని, ఇంకా అడగనివాళ్లని వేరుగా ఉంచాలంటే నల్=ట్రూ కావాలి, లేదా మూడు ఛాయిస్‌ల క్యారెక్టర్ ఫీల్డ్. నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే నల్ ఉన్న బూలియన్ క్వెరీల్లో మోసం చేస్తుంది. ఫిల్టర్(సమ్మతి=ఫాల్స్) అంటే నల్ వరుసలు రావు, ఎక్స్‌క్లూడ్(సమ్మతి=ట్రూ) అంటే వస్తాయి. రెండూ ఒకటే అనుకుని రాసిన రిపోర్టుల్లో లెక్కలు కలవవు.

డిఫాల్ట్ ట్రూనా ఫాల్సా అన్నది ఎలా తేల్చాలంటే, మౌనంగా ఉన్న మనిషికి ఏది తక్కువ నష్టమో చూడాలి. ఆక్సిజన్ అలర్ట్ అక్కర్లేకుండా మోగితే నిద్ర పాడవుతుంది, మోగాల్సినప్పుడు మోగకపోతే గుంట పోతుంది. కాబట్టి ట్రూ. డబ్బు కోసే పని, రికార్డు తుడిచేసే పని, వేరేవాళ్లకి వివరాలిచ్చే పని అయితే ఫాల్స్. కొందరు బూలియన్ డిఫాల్ట్ ఎప్పుడూ ఫాల్సే ఉండాలని పట్టుబడతారు. ఆ నియమం కోసం అలర్ట్_ఆన్‌ని అలర్ట్_వద్దు అని తిప్పి పెడితే "ఇఫ్ నాట్ అలర్ట్_వద్దు" అని కోడంతా ముడిపడుతుంది. నేనైతే పేరు సూటిగా ఉంచి డిఫాల్ట్ ట్రూ పెడతాను.

ఫంక్షన్ పారామీటర్ల విషయం చిన్నదే. మెసేజ్_పంపు(గుంట, ట్రూ, ఫాల్స్, ట్రూ) అనే పిలుపు చదివి ఏది ఎస్ఎంఎస్సో, ఏది వాట్సాపో, ఏది ట్రయల్ రన్నో ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఇంకో బూలియన్ చేరిస్తే పాత పిలుపులన్నీ ఎర్రర్ లేకుండానే అర్థం మారిపోతాయి. గుంట తర్వాత ఒక స్టార్ పెట్టండి: డెఫ్ మెసేజ్_పంపు(గుంట, *, ఎస్ఎంఎస్=ట్రూ, వాట్సాప్=ఫాల్స్, ట్రయల్=ఫాల్స్). స్టార్ తర్వాతివి పేరుతో ఇస్తేనే తీసుకుంటుంది. కోడ్‌ని నడపకుండానే తప్పులు చూపే రఫ్ లింటర్‌లో, బూలియన్ పారామీటర్ల మీద ఉన్న ఎఫ్‌బీటీ నియమాలు ఆన్ చేస్తే స్టార్ మర్చిపోయిన చోటల్లా పట్టిస్తుంది. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే ఆన్ చేయండి. పాత ప్రాజెక్టులో అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే వందల్లో వస్తాయి, ముందు ఎఫ్‌బీటీ003 ఒక్కటే పెట్టుకోండి, పిలిచే చోట ఉత్త ట్రూ, ఫాల్స్ ఇచ్చినవాటిని అది చూపిస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో ఆప్షన్స్.అలర్ట్ తర్వాత రెండు నిలువు గీతలు పెట్టి ట్రూ అని రాసే అలవాటు ఇంకా పోలేదు. ఫాల్స్ ఇచ్చినా ట్రూ వస్తుంది, ఆపే దారే ఉండదు. 2020 ప్రమాణంలో వచ్చిన రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్ నల్, అన్‌డిఫైన్డ్ రెండిటికే డిఫాల్ట్ వేస్తుంది, ఫాల్స్‌ని ముట్టుకోదు. ఫంక్షన్ పారామీటర్ దగ్గరే డిఫాల్ట్ రాస్తే అది అన్‌డిఫైన్డ్‌కి మాత్రమే, నల్‌కి పడదు. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌లో అన్‌డిఫైన్డ్ ఉండదు, నల్ ఉంటుంది. కాబట్టి సర్వర్ డేటాని నేరుగా అలాంటి ఫంక్షన్‌కి అందిస్తే డిఫాల్ట్ పడక నల్ లోపలికి పోతుంది, ఇఫ్ దగ్గర అది ఫాల్స్‌లా నడుస్తుంది.